శనివారం విమానం

గువాహటి నుంచి బెంగుళూరుకు మూడు గంటల పైచిలుకు పడుతుందని పైలట్ మైకులో చెప్పేసరికి విమానం ఇంకా నేల మీదే ఉంది. బయట వాన. రెక్క మీద నీళ్లు పాయలు పాయలుగా జారిపోతున్నాయి. వాన కాస్త తెరిపిస్తే బయలుదేరతామని, ఆలస్యానికి మన్నించమని ఆ గొంతు మళ్లీ చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు విసుక్కున్నారు. అమరనాథ్‌కు విసుగు రాలేదు. ఛాతీ కింద ఎక్కడో ఒక చిన్న నెమ్మది కదిలింది. అది తనదే అయినా, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు దాన్ని ఓరగా చూశాడు. ఆలస్యమైతే నీకెందుకు నెమ్మది అని అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయం.

అక్కడ బాగేపల్లిలో, పెండ్లి ఛత్రంలో, అతని అక్క కూతురు రంజితకు ఈపాటికి తలంటి పోస్తూ ఉంటారు. ముహూర్తం పదకొండుకు మొదలై పన్నెండుతో ముగుస్తుంది. ఆ లోపల మేనమామ, ఆ పక్క మాటలో సోదరమామ, వచ్చి, పెండ్లికూతురి చెయ్యి పట్టుకొని మంటపానికి తీసుకొచ్చి, పెండ్లికొడుకు చేతిలో ఆకూవక్కా పెట్టాలి. పెట్టకపోతే తాళి కట్టేది లేదని చింతామణి నుంచి వచ్చే పెండ్లికొడుకు వాళ్లు ముందే తేల్చి చెప్పారు. ఆ సోదరమామ అతనే. ఇంకొకరు లేరు.

పెండ్లికి సోదరమామ రావడం అన్ని ఇళ్లలోనూ ఉన్నదే. చిన్నాన్నో, వేలువిడిచిన మామో నిలబడితే సరిపోయే ఇళ్లు కూడా ఉన్నాయి. ఇక్కడ అట్లా కుదరదు. సోదరమామకు పెండ్లి కాకుండా ఉంటే, అక్క కూతురు మీద మొదటి హక్కు అతనిదేనని ఆ పక్క లోకం మాట. పిల్లను ఇంకో ఇంటికి ఇస్తున్నప్పుడు ఆ హక్కు వదులుకున్నానని అతనే అందరి ముందూ చెప్పాలి. పెండ్లికొడుకు పెదనాన్న పిళ్ళప్ప ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. వాళ్లింట్లో ఒకసారి ఇట్లాగే సోదరమామ లేకుండా పెండ్లి చేసుకొచ్చిన కోడలి కోసం, ఆ మామ ఏళ్ల తరబడి వాకిట్లోకొచ్చి గొడవ పెట్టుకున్నాడంట. నిశ్చితార్థం నాడు వక్క నోట్లో వేసుకోకుండా చేతిలోనే పెట్టుకొని అడిగాడంట పిళ్ళప్ప.

"అంతా బాగానే ఉండాది. పిల్ల సోదరమామకు ఒప్పిగేనా?"

ఒప్పిగే, సమ్మతమే, అని బావ మునిశామప్ప అన్నాడంట. నీ ఒప్పిగె కాదప్పా, ఆయన నోటితో రావాల, అన్నాడంట పిళ్ళప్ప. ఆ తరవాతే వక్క నమిలాడంట.

విమానం కదిలింది. వాన వెనక్కి పోయింది. మబ్బుల పైకి వచ్చేసరికి ఎండ కళ్లలో కొట్టింది. పక్కనున్న ఆమె కిటికీ తెర దించేసింది.

రెండేళ్ల కిందట అతనిది రామనగరంలో ఉద్యోగం. కేంద్ర పట్టు మండలిలో పట్టుపురుగుల జబ్బులు చూసే పని. ఒక ఆదివారం అక్క వాళ్ల ఊరు పరగోడుకు పోతే, అన్నం పెడుతూ అక్క మామూలుగా, ఉప్పు చాలిందా అని అడిగినట్టు అడిగింది. పాపకు చదువు అయిపోయింది, ఇంక మీ పెండ్లి ఎప్పుడు పెట్టుకుందామప్పా అని. అది కొత్త మాట కాదు. రంజిత పుట్టిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆ మాట తిరుగుతూనే ఉంది. ఆ పిల్ల పెద్దమనిషి అయినప్పుడు పచ్చాకుల గుడిసె వేసింది అతనే. ఆ గుడిసె వేస్తున్నప్పుడు కూడా ఊళ్లో ఆడవాళ్లు నవ్వుతూ ఆ మాటే అన్నారు. అతను ఎప్పుడూ అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజు మాత్రం అన్నం ముద్ద చేతిలో ఉండగా, "నా వల్ల కాదక్కా" అన్నాడు. అక్క ఎందుకని అడగలేదు. ఇంకో గరిటె పప్పు వేసి లోపలికి పోయింది.

అక్క అతనికంటే పదిహేనేళ్లు పెద్ద. అమ్మ పోయినప్పుడు అతనికి ఊహ తెలియదు. దిబ్బూరహళ్ళిలో వాళ్లది పట్టుపురుగుల ఇల్లు. ఒక చేత్తో అతన్ని చంకనేసుకొని ఇంకో చేత్తో తట్టల్లో ఆకు చల్లేదంట అక్క. పురుగులు ఆకు కొరికే చప్పుడు పెంకుల మీద సన్నవాన పడ్డట్టు ఉంటుంది. నిద్రంటే ఇప్పటికీ అతనికి ఆ చప్పుడే. పరగోడుకు కోడలుగా పోయేటప్పుడు అక్క పెట్టిన షరతు ఒకటే, తమ్ముడు నా వెంట వస్తాడు. వచ్చాడు. ఆమె వండింది తిన్నాడు, ఆమె చదవమన్నది చదివాడు. ఆమె కూతుర్ని చేసుకుంటే ఇక ఆ ఇంటి గడప దాటే పని జన్మలో ఉండదు.

ఆ నెలలోనే వర్గావణె, బదిలీ, కావాలని అర్జీ పెట్టుకున్నాడు. ఎక్కడికి అని అడిగితే, ఖాళీలు ఉన్న ఊళ్లలో అన్నిటికంటే దూరమున్న ఊరి పేరు చెప్పాడు. భాష రాదు, వానలు ఎక్కువ, ఎవరూ పోరు అన్నాడు పైఅధికారి. పోతాను సార్ అన్నాడు.

అక్కకు కిలోమీటర్లు తెలియవు. ఆమె లెక్క బస్సులతో. పరగోడు నుంచి బాగేపల్లి ఒక బస్సు, దగ్గర. చిక్కబళ్ళాపురానికి రెండు బస్సులు, ఫరవాలేదు. చింతామణికి ఏ దారిన పోయినా ఎక్కడో ఒకచోట దిగి ఎదురుచూడాలి, కాబట్టి అది దూరం. కూతుర్ని చింతామణికి ఇస్తున్నామని చెప్పినప్పుడు కూడా ఆమె గొంతులో ఆ దూరం వినిపించింది. అట్లాంటి అక్కకు, గువాహటి ఎంత దూరమని అడిగితే, మూడు దినాలు అన్నాడు అతను. రైల్లో పోతే అది నిజమే. రైల్లో అని చెప్పలేదు అంతే. ఆ మూడు దినాల పేరు చెప్పి రెండు ఉగాదులు, మారెమ్మ జాతర, బావకు కంటి ఆపరేషన్, అన్నిటికీ తప్పించుకున్నాడు. రాను అని ఒక్కసారి కూడా అనలేదు. రాలేకపోతున్నాను అన్నాడు. ఆ రెండు మాటల మధ్య మనిషి పట్టేంత సందు ఉంటుంది. అందులోనే అతను కాపురముంటున్నాడు.

పెండ్లికి రెండు వారాల ముందు అక్క ఫోన్ చేసింది.

"అమరా, శనివారం ఒక విమానం ఉండాదంట గదప్పా. పాప ఫోన్లో చూసి చెప్తాండాది. నేరుగా బెంగుళూరికేనంట, నడాన యాడా దిగే పని లేదంట. మూడు గంటలేనంట?"

"గాల్లో మూడు గంటలక్కా. ముందూ వెనకా శానా ఉంటాది" అన్నాడు.

"మూడు దినాలని చెప్తా ఉంటివి?"

"అది రైల్లో."

"రైలో విమానమో నాకేం తెలుసప్పా. నువ్వు చెప్పిందే నమ్ముకొని ఉంటిని." కోపంగా అనలేదు. అందుకే అది లోపలికి దిగింది. "పోనీలే. ఎన్నింటికి ఎగుర్తాది అది?"

"పదికి."

గోడ మీది క్యాలెండరు కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"అయ్యో, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం. శుభకార్యానికి వస్తా రాహుకాలంలో ఎట్ల బయలుదేరేది?"

అతనికి తెలుసు. ఆ క్యాలెండరు బెంగుళూరులో అచ్చయింది, అందులోది బెంగుళూరు పొద్దు. గువాహటిలో పొద్దు గంటకు పైగా ముందే పుడుతుంది. దేశమంతా గడియారం ఒకటే గానీ సూర్యుడు మాత్రం ఎక్కడికక్కడే. రాహుకాలం లెక్కపెట్టేది పొద్దు పొడుపు నుంచి కాబట్టి, అక్క క్యాలెండరులో అది సగంలో ఉన్నప్పటికే అక్కడ అది వచ్చి పోయి ఉంటుంది. రాహుకాలాన్ని అతను నమ్మడు. కానీ ఈ లెక్క వచ్చు. గువాహటి ఇంట్లో పై అంతస్తులో ఉండే ముసలాయన ఒకరోజు మెట్ల మీద నిలబెట్టి విడమరిచి చెప్పాడు. ఒక్క మాట చెబితే అక్క శనివారమే రమ్మనేది. శనివారం మధ్యాహ్నం నుంచి, రాత్రి ఎదురుకోళ్లు, ఆదివారం, అన్నిటికీ ఉండాల్సి వచ్చేది. అక్క ఎదురుగా.

"మరి ఏం చేద్దామక్కా?" అన్నాడు.

"ఆదివారం తెల్లారి ఉండాదా?"

"ఉంది."

"ఆదివారం రాహుకాలం సాయంత్రం. దానికే రా నాయనా. ముహూర్తానికి అందుతావు కదా?"

"అందుతాను."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అతను తన నోటిని తప్పు పట్టలేకపోయాడు. అది ఏ అబద్ధమూ ఆడలేదు. ఆదివారం అన్నది అక్కే.

*

బెంగుళూరు బయట దేవనహళ్ళి దగ్గర విమానం దిగేసరికి ఫోన్ నిండా బావ పిలుపులు. వాన మింగిన సమయం పోగా, ముహూర్తానికి మిగిలింది దారికి సరిపోయేంతే. బయట గంగప్ప కారు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. బావకు దాయాది, వరసకు తమ్ముడు, పెండ్లిళ్లకు మనుషుల్ని తెచ్చి దించడమంటే ఇష్టంగా మీద వేసుకునే మనిషి. అమరనాథ్‌ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు.

"ఏమప్పా, ఆకాశంలో కూడా ట్రాఫిక్ జామా?"

"వాన గంగన్నా."

"వానొస్తే గొడుగు పట్టుకోని ఎగరల్ల. ఎక్కు ఎక్కు. ఆడ నీ బావ చేతిలో ఫోన్ కాగిపోతాండాది."

కారు పెద్దరోడ్డెక్కింది. నంది కొండ ఎడమ పక్కకు వచ్చి, కాసేపు వాళ్లతో పాటే నడిచి, వెనక్కి తగ్గింది. పొద్దున నాలుగింటికి లేచిన నిద్రలేమి కళ్ల వెనక ఇసుకలా గరగరలాడుతోంది. గంగప్ప మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఆడ యాదో పిల్లను చూసుకున్నావని ఈడ అందరూ అనుకుంటాండారు. నిజమైతే చెప్పప్పా, మీ అక్కకు నేను చెప్తా."

"ఎవరూ లేరు."

"అదే కష్టం. ఉండాదంటే రెండు దినాలు ఏడ్చి సర్దుకుంటారు. లేదంటే ఎందుకు లేదని జీవితమంతా అడుగుతారు."

అమరనాథ్ నవ్వాడు. నవ్వినంత మేర మొహం నొప్పి పుట్టింది.

చిక్కబళ్ళాపురం దగ్గర గంగప్ప కారు పక్కకు ఆపి, పూల అంగడిలోకి పోయి, తడిగుడ్డ చుట్టిన పెద్ద పొట్లంతో వచ్చాడు. దాన్ని తెచ్చి అమరనాథ్ ఒడిలో పెట్టాడు.

"ఇదేమి?"

"పెండ్లికూతురికి సోదరమామ తెచ్చే మాల. నువ్వు తెచ్చేటట్ల లేవని నేనే చెప్పి పెట్టినా. గువాహటిలో కొన్నానని చెప్పుకో, ఎవరడుగుతారు."

ఒడిలో ఆ పొట్లం చల్లగా, పసిబిడ్డంత బరువుగా ఉంది. గుడ్డ నుంచి నీళ్లు కారి ప్యాంటు తడుస్తోంది. మాల సంగతే అతనికి తట్టలేదు. రెండు వారాలు విమానం గురించి, గంటల గురించి, సెలవు గురించి ఆలోచించాడు. చేతిలో ఏం పట్టుకుపోవాలన్నది ఒక్కసారి కూడా ఆలోచనకు రాలేదు. మరిచిపోవడమంటే ఏమిటో పుస్తకాల్లో చదివినవాడే. మనసు దేన్నీ ఊరికే పారేసుకోదు, ఎక్కడో కావాలనే పెట్టి వస్తుంది. ఇతరుల విషయంలో ఈ మాట అతను చాలాసార్లు చెప్పాడు.

పేరేసంద్ర కనబడింది. రోడ్డు పక్క అంగళ్లు, వేలాడదీసిన చిప్స్ పొట్లాలు, కుప్పపోసిన మామిడికాయలు. ఇంకో అరగంటలో బాగేపల్లి.

"గంగన్నా, ఒక కాఫీ తాగిపోదాం. తల పగిలిపోతాంది" అన్నాడు.

గంగప్ప గడియారం చూశాడు, అతని మొహం చూశాడు. ఏమనుకున్నాడో ఆపాడు. "బిరీన తాగల్ల" అన్నాడు.

కాఫీ మరీ వేడిగా వచ్చింది. అమరనాథ్ గ్లాసు అంచు పట్టుకొని నిలబడ్డాడు. లారీలు పోతున్నాయి. ఒక్కొక్క లారీ పోయినప్పుడల్లా గాలి మీదికి తోసుకొచ్చి, మళ్లీ వదిలేస్తోంది. తలనొప్పి నిజమే. కాఫీ కావాలన్నదీ నిజమే. కానీ చల్లారేదాకా తాగకూడదని ఎవరో లోపల నిర్ణయించేశారు. పన్నెండు దాటితే తను చేయాల్సింది ఏమీ ఉండదు. చెడ్డవాడు కూడా కాడు. వాన, విమానం, దారి. పాపం వచ్చాడమ్మా, అందలేకపోయాడు, అంటారు. పిళ్ళప్ప లేచిపోతాడు. పెండ్లి ఆగిపోతుంది. అక్క మళ్లీ కూతుర్ని ఇంట్లో పెట్టుకొని, మళ్లీ అతని వైపు చూస్తుంది. ఆలోచన ఆ చోటికి వచ్చేసరికి గ్లాసు ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఇంత దూరం పారిపోయింది ఆ చూపు నుంచే కదా. మరి దాన్నే మళ్లీ ఎందుకు పిలుచుకుంటున్నాడు?

ఫోన్ మోగింది. బావ అనుకున్నాడు. కాదు, రంజిత.

"మామా, పేరేసంద్రలో ఏం చేస్తాండావు?"

అతను చుట్టూ చూశాడు.

"గంగప్ప చిన్నాయన లొకేషన్ పంపించినాడు. పొద్దున్నుంచి నేను దాన్నే చూస్తాండాను. నువ్వొచ్చే చుక్క కదలకుండా నిలబడిపోయింది." గొంతు తగ్గించి మాట్లాడుతోంది. వెనక ఎవరో గాజులు, పిన్నులు అంటూ అరుస్తున్నారు. "నా తల దువ్వతాండారు, ఎక్కువ మాటాడలేను."

"కాఫీ తాగుతాండామమ్మా. వచ్చేస్తాము."

"పిళ్ళప్ప తాత లేచిపోయి గేటు కాడ నిలబడుకున్నాడు. అమ్మ పోయి ఆయన పక్కన నిలబడుకుంది. ఇద్దరూ ఏం మాటాడుకోవట్లేదు."

అతను కారు వైపు చూశాడు.

"మామా, శనివారం రాహుకాలం సంగతి కూడా నాకు తెలుసు. గువాహటిలో పొద్దు ముందే పుట్తాదని ఫోన్లోనే ఉండాది. అమ్మకు చెప్పలా."

"ఎందుకు చెప్పలా?"

"చెప్తే నిన్ను రమ్మని పట్టుకుంటాది. పట్టుకుంటే నువ్వు ఆదివారం కూడా రావు." ఆ పిల్ల గొంతు ఇంకా తగ్గించింది. "నాకు ఈయన ఇష్టం మామా. నేనే చూసుకున్నా. కోలారులో బి.ఎడ్‌లో నా క్లాస్‌మేట్. అమ్మకు సంబంధం వచ్చిందని చెప్పించినాము. ఇది తప్పిపోతే మళ్లా రాదు. నీకు రావాలని లేకుంటే ఇప్పుడే చెప్పు, నేనే పోయి తాత కాళ్లు పట్టుకుంటా. వస్తాండావని చెప్పి రాకుండా మాత్రం ఉండొద్దు."

అతను గ్లాసు పక్కనున్న బల్ల మీద పెట్టాడు. సగం కూడా తాగలేదు.

"వస్తాండాను" అన్నాడు.

"చుక్క కదిలితే నమ్ముతా" అని ఫోన్ పెట్టేసింది.

కారులో కూర్చున్నాక గంగప్ప బండి ముందుకంటే గట్టిగా తోలాడు. టోల్‌గేటు దగ్గర వరుసలో నిలబడాల్సి వచ్చినప్పుడు, ముందున్న లారీ వెనక రాసి ఉన్నదంతా అమరనాథ్ రెండుసార్లు చదివాడు. ఇప్పుడు నిజంగానే ఆలస్యమవుతోందని అతనికి భయం వేసింది. ఆ భయం శుభ్రంగా ఉంది. చాలా రోజుల తరవాత ఒక భావం వెనక ఇంకో భావం దాక్కోకుండా ఉండటం చూశాడు.

*

గేటు దగ్గర పిళ్ళప్ప నిజంగానే నిలబడి ఉన్నాడు. బక్కపలచటి మనిషి, తెల్లటి తలపాగా. పక్కన అక్క. కొత్త పట్టుచీరలో ఆమె ఇంకెవరో లాగా ఉంది. జుట్టు రెండేళ్లలో ఇంత తెల్లబడుతుందా అనుకున్నాడు. కారు దిగగానే ఆమె దగ్గరికి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"తిన్నావా?"

"తిన్నాక్కా."

"అబద్ధం. సరే, పా లోపలికి. నీళ్లు మొహాన కొట్టుకో."

"ఈయనేనా?" అన్నాడు పిళ్ళప్ప.

"ఈయనే" అంది అక్క. ఆ మాటలో గర్వం ఉందో, అలసటే ఉందో అతనికి తెలియలేదు.

పెండ్లికూతురి గదిలో ఆడవాళ్లు దారి ఇచ్చారు. రంజిత లేచి నిలబడింది. అతను మాల వేశాడు. చెయ్యి చాచాడు. ఆ పిల్ల చెయ్యి పసుపుతో, గోరింటాకుతో, చెమటతో జిగటగా ఉంది. నడవ పొడుగునా మనుషులు. ఓలగం ఊదేవాళ్లు వాళ్లను చూసి ఊపు పెంచారు. ఆ మోతలో ఎవరేం మాట్లాడినా పక్క మనిషికి తప్ప వినిపించదు.

"నువ్వు వద్దన్నావని నేను ఏడుస్తానని అనుకున్నావా మామా?" అంది తల వంచుకొనే.

అతను నడుస్తూనే ఉన్నాడు.

"నాకు వద్దనే ఉన్నింది. చిన్నప్పటి నుంచీ. నువ్వు అన్నం తినేటప్పుడు చప్పుడు చేస్తావు. నన్ను ఎవురూ అడగలా. నువ్వూ అడగలా." పూల వెనక ఆమె నవ్వుతోందో లేదో కనబడలేదు. "ఒక్క మాట అడిగింటే, ఇద్దరం కలిసి అమ్మకు చెప్పింటాం కదా. నువ్వు ఈడనే ఉందువు."

రెండేళ్లుగా తను గాయపరిచిన ఒక పిల్ల, తను కాదన్న ఒక పిల్ల అతనితో పాటే ఆ తడి ఊళ్లో కాపురం చేసింది. రాత్రిపూట ఆమె మొహం చూడలేక పక్కకు తిరిగి పడుకునేవాడు. ఆ పిల్ల ఎక్కడా లేదు. ఉన్నదల్లా అక్క. అక్కకు కాదని చెప్పడం చేతకాక, మధ్యలో ఈ పిల్లను అడ్డం పెట్టుకున్నాడు. దూరం కూడా అట్లా అడ్డం పెట్టుకున్నదే. అంత దూరం అవసరం లేకపోయింది. పక్క గదిలోకి పోయి ఈ పిల్లను ఒక మాట అడిగి ఉంటే చాలేది.

మంటపం మెట్లు వచ్చాయి. ఆమె కాలికి చీర అడ్డం పడకుండా అతను కుచ్చెళ్లు కాస్త పైకి పట్టాడు. పైన పీట మీద పెండ్లికొడుకు, కళ్లద్దాల కుర్రాడు, భయంగా లేచి నిలబడబోయాడు. కూర్చో నాయనా అని ఎవరో కూర్చోబెట్టారు. పురోహితుడు తాంబూలం పళ్లెం అమరనాథ్ వైపు జరిపాడు. పిళ్ళప్ప మెట్ల కింద నిలబడి, అందరికీ వినిపించేటట్టు అడిగాడు.

"సోదరమామా, ఒప్పిగేనా?"

ఓలగం ఆగింది. అమరనాథ్ ఆకుల మీద వక్క పెట్టి, రెండు చేతులతో పట్టుకున్నాడు. అక్క ఎక్కడుందా అని చూశాడు. ఆమె స్తంభం పక్కన నిలబడి అతన్నే చూస్తోంది. పెండ్లికొడుకును కాదు, కూతుర్ని కాదు. ఆ చూపులో ఇంకా, ఈ క్షణంలో కూడా, కాదంటాడేమో అన్న ఆశ లాంటిది ఏదో మిణుకుమంది. అది అతను ఊహించుకున్నది కాదు. కూతుర్ని కాదు ఆమె ఇవ్వాలనుకున్నది. తమ్ముణ్ణి ఉంచుకోవాలనుకుంది. అది ఆమెకు తెలుసో లేదో. తెలిసి ఉండదు. పొద్దున్నుంచి పిళ్ళప్ప పక్కన నిలబడి వస్తాడు వస్తాడు అని చెప్పిందీ ఆమే.

కళ్లు ఆమె మీదనే పెట్టి, "ఒప్పిగే" అన్నాడు.

ఆకూవక్కా పెండ్లికొడుకు చేతిలో పెట్టాడు. ఆ కుర్రాడు వాటిని కళ్లకద్దుకున్నాడు.

ఓలగం ఒక్కసారిగా ఎత్తుకుంది. జనం ముందుకు తోసుకొచ్చారు. అమరనాథ్ వెనక్కి తగ్గి, మెట్లు దిగి, ఆ తోపులాటలో స్తంభం దాకా కొట్టుకొచ్చాడు. అక్క స్తంభానికి ఆనుకొని నేల మీద కూర్చుండిపోయి ఉంది, పట్టుచీర నలిగిపోతుందని కూడా చూడకుండా. అతను ఆమె పక్కన కూలబడ్డాడు. అక్కడి నుంచి చూస్తే మంటపం కనబడదు. నిలబడిన వాళ్ల వీపులు, పంచెల అంచులు, ఎత్తిన చేతులు, అంతే.

"నీ కూతురి పెండ్లి, లేచి చూడక్కా" అన్నాడు.

"కాళ్లు లేస్తాంటే కదా. పొద్దున్నుంచి గేటు కాడనే నిలబడుకోనుంటి." ఆమె అతని వైపు తిరగలేదు. "నువ్వు రావనే అనుకుంటిని అమరా."

"నేనూ అట్లే అనుకున్నానక్కా."

ఆమె తల ఊపింది, ఏదో ధర విని సరేనన్నట్టు. ఎవరో వంగి ఇద్దరి చేతుల్లోనూ అక్షింతలు పోశారు. గట్టిమేళం మోగింది. ఇద్దరూ కూర్చున్నచోట నుంచే విసిరారు. బియ్యం మంటపం దాకా పోలేదు. ముందు నిలబడ్డవాళ్ల వీపుల మీద పడి, జారి, వీళ్ల ఒడిలోకే కొన్ని వచ్చాయి. అక్క వాటిని దులపలేదు. కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె తల అతని భుజం మీదికి వాలింది. నిద్రపోయిందేమోనని అతను కదలకుండా కూర్చున్నాడు.